ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవిత చరిత్ర రాసిందెవరు? 11 రూపాయల 10 అణాల 8 పైసల లెక్క

 

ఈ ఎపిసోడ్ టైటిల్ చూసి చాలామంది "మళ్లీ నరసింహారెడ్డి కథేనా బ్రో, సినిమా చూసేశాం కదా" అనుకొనుంటారు. నిజమే, 2019 అక్టోబర్ 2న సైరా రిలీజైంది, మన సైడ్ థియేటర్లలో ఆ రోజు పండగే. కానీ ఈరోజు నేను మాట్లాడేది నరసింహారెడ్డి గురించి కాదు. ఆయన గురించి మనకి చెప్పినవాళ్ల గురించి. ఒక మనిషి చనిపోయిన 170 ఏళ్ల తర్వాత కూడా ఆయన జీతం ఎంతో, ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నాడో మనకి ఎట్లా తెలుస్తోంది? దాన్ని ఎవరు రాశారు? ఎందుకు రాశారు? జీవిత చరిత్రలు రాసే చరిత్రకారుడు అసలు ఏం పని చేస్తాడు? ఇదీ టాపిక్.

మొదలు ఆళ్లగడ్డ నుంచి పెడతాను. ఆళ్లగడ్డ అంటే బయటివాళ్లకి అహోబిలం పోయే దారి, లేదంటే రాజకీయాలు. మనకి మాత్రం శిల్పాలు. రోడ్డు పక్కన రాళ్ల దుమ్ములో కూర్చొని దేవుడి విగ్రహాలు, నాయకుల విగ్రహాలు చెక్కే అన్నలు కనపడతారు. పోయిన నెల షూటింగ్‌కి పోయినప్పుడు ఒక పెద్దాయన్ని అడిగాను. "అన్నా, ఎవరిదన్నా విగ్రహం చెయ్యాలంటే ముఖం ఎట్లా చేస్తావు?" అని. "పార్టీ ఫొటో తెచ్చిస్తాది సామీ, దాన్ని చూసి చేస్తాం" అన్నాడు. "మరి నరసింహారెడ్డిది చెయ్యాలంటే?" నవ్వాడు. "ఆయప్పకి ఫొటో యాడుంది? మీసం మందంగా పెడతాం, తలపాగా పెడతాం. కొంతమంది సినిమాలో ఉన్నట్టే చెయ్యమంటారు. మనం ఏం చేస్తే అదే ఆయన ముఖం."

మనం ఏం చేస్తే అదే ఆయన ముఖం. ఈ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. ఎందుకంటే శిల్పికి ఆ వెసులుబాటు ఉంది. చరిత్రకారుడికి లేదు. మీసం మందంగా ఉండేదని రాయాలంటే దానికి ఆధారం చూపించాలి. ఆధారం లేకపోతే ముఖం ఖాళీగా వదిలెయ్యాలి.

సరే, ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం, ఉద్యోగం మానేసిన కొత్తల్లో, ఇదే ఛానెల్‌లో నరసింహారెడ్డి మీద ఒక వీడియో చేశాను. పన్నెండు నిమిషాల వీడియో. అందులో నేను స్టైల్‌గా చెప్పిన ఒక వాక్యం, "1846లో కర్నూలు కలెక్టర్ వణికిపోయాడు" అని. మ్యూజిక్ కూడా పెట్టాను. వ్యూస్ బాగా వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత నంద్యాలలో ఒక పెళ్లిలో రిటైర్డ్ టీచర్ ఒకాయన పక్కకి పిలిచాడు. "బాబూ, వీడియో చూసినాను. బాగుంది. కానీ ఆ రోజు కోయిలకుంట్ల కర్నూలు జిల్లాలో లేదు కదా నాయనా" అన్నాడు.

నాకు తల తిరిగింది. ఇంటికొచ్చి వెతికాను. ఆయన చెప్పిందే కరెక్ట్. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అంటారు కదా, అవే. కర్నూలు మాత్రం నవాబు చేతిలో ఉండిపోయింది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ని కంపెనీ దించేసింది. ఇప్పుడు మనం అనుకునే కర్నూలు జిల్లా రూపం 1858లో వచ్చింది. కడప జిల్లా నుంచి కంబం, కోయిలకుంట్ల, మార్కాపురం తాలూకాలు, బళ్లారి జిల్లా నుంచి పత్తికొండ తెచ్చి కలిపితే అది కర్నూలు జిల్లా అయింది. అంటే 1846లో ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల ఉండేది కడప జిల్లాలో. అప్పుడు ఈ తిరుగుబాటుని ఎదుర్కొన్నది కడప కలెక్టర్ కాక్రేన్.

"అయితే ఏమైంది బ్రో, కడపైతే ఏంటి, కర్నూలైతే ఏంటి" అనొచ్చు మీరు. ఇక్కడే అసలు విషయం ఉంది. మీరు నరసింహారెడ్డి కాగితాల కోసం పాత రికార్డుల ఆఫీసుకి పోయారనుకోండి. కర్నూలు జిల్లా 1846 ఫైళ్లు అడిగితే ఖాళీ చేతులతో తిరిగొస్తారు. కడప జిల్లా ఫైళ్లు అడగాలి. ఒక చిన్న తప్పు మిమ్మల్ని తప్పు బీరువా ముందు నిలబెడుతుంది. ఉయ్యాలవాడ ఉన్నచోటనే ఉంది, ఒక్క అడుగు కదల్లేదు. కానీ కడప జిల్లా, తర్వాత కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. జీవిత చరిత్ర రాసేవాడు ముందు నేర్చుకోవాల్సింది ఇదే. ఆ మనిషి బతికిన రోజు మ్యాపు వేరు.

ఇప్పుడు టైటిల్‌లో పెట్టిన లెక్కకి వద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చే భరణం నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైసలు. దాదాపు అన్ని పుస్తకాల్లో ఈ అంకె ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు డౌట్ వచ్చింది. ఇంత వంకర అంకె ఏంటి? పది రూపాయలో పన్నెండు రూపాయలో ఇవ్వచ్చు కదా? ఎవరైనా కల్పించారేమో అనుకున్నాను.

పాత లెక్క గుర్తుందా? మన తాతలకి తెలుసు. రూపాయికి 16 అణాలు. అణాకి 12 పైసలు. ఇప్పుడు చూడండి. పాలెగాళ్ల అధికారం తీసేశాక ఈ కుటుంబానికి కంపెనీ కట్టిన భరణం నెలకి 70 రూపాయలు. అన్నదమ్ములు ఇద్దరు, పెదమల్లారెడ్డి, చినమల్లారెడ్డి. సగం సగం పంచితే చెరి 35. పెదమల్లారెడ్డి కొడుకులు ముగ్గురు. మన నరసింహారెడ్డి అందులో ఒకడు. 35ని మూడుతో భాగించండి. ఫోన్ తీసి కాల్‌క్యులేటర్‌లో కొట్టండి. 11.6666 వస్తుంది. ఆ పాయింట్ తర్వాతది అణాల్లోకి మార్చండి, పదహారుతో గుణించి. 10.6666. ఆ మిగిలింది పైసల్లోకి మార్చండి, పన్నెండుతో గుణించి. 8. కచ్చితంగా 8.

11 రూపాయలు, 10 అణాలు, 8 పైసలు.

నేను ఇది మొదటిసారి చేసినప్పుడు రాత్రి ఒంటిగంట. ఒక్కడినే కూర్చొని గట్టిగా అరిచాను. మా అమ్మ లేచొచ్చింది ఏమైందని. ఆ వంకర అంకె కల్పన కాదు. ఒక కుటుంబం ఎట్లా పంచుకుందో ఆ అంకెలో దాగి ఉంది. ఒకప్పుడు కోటలు, మంది, మార్బలం ఉన్న ఇల్లు. రెండు తరాల్లో కంపెనీ గుమాస్తా పైసలతో సహా భాగించి ఇచ్చే చోటికి వచ్చింది. అవమానం అనేది ఒక్క డైలాగ్‌లో ఉండదు ఫ్రెండ్స్. నెల నెలా ఖజానా ముందు నిలబడి ఆ 8 పైసల దాకా లెక్కపెట్టించుకోవడంలో ఉంటుంది. సినిమా చూపించలేని విషయాన్ని ఒక చిన్న భాగాహారం చూపించింది.

అట్లాంటిదే ఇంకో అంకె. 1846 జూలై 10న కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. అక్కడ తీసుకున్న సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలు. అంటే నరసింహారెడ్డి భరణంతో పోల్చితే దాదాపు 69 నెలల డబ్బు. అయిదేళ్ల తొమ్మిది నెలలు. పైసలతో సహా ఈ అంకె మనకి ఎట్లా తెలిసింది? ఎందుకంటే డబ్బు పోగొట్టుకున్నవాడు లెక్క రాసుకుంటాడు. కంపెనీ రాసుకుంది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. నరసింహారెడ్డి గురించి తేదీలతో, అంకెలతో మొదట రాసింది ఆయన్ని ఉరి తీసినవాళ్లే. కలెక్టర్ పై అధికారికి రాసిన ఉత్తరాలు, సైన్యం రిపోర్టులు, కోర్టు తీర్పు. ఆ తర్వాత వచ్చిన జిల్లా మాన్యువళ్లు. కడప జిల్లాకి 1875లో గ్రిబుల్ అనే తెల్లదొర రాశాడు. కర్నూలు జిల్లాకి 1886లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి అనే మన తెలుగాయన రాశాడు, ఆయన కూడా కంపెనీ తర్వాత వచ్చిన ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టరే.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒకటి నేర్చుకున్నాను. సిస్టమ్ క్రాష్ అయితే లాగ్ ఫైల్ చూస్తాం. లాగ్ అబద్ధం చెప్పదు అనుకుంటాం. కానీ లాగ్‌లో ఏం రాయాలో, ఏం రాయకూడదో ముందే ఒక మనిషి నిర్ణయించాడు కదా. టైమ్ ఉంటుంది, ఎర్రర్ కోడ్ ఉంటుంది. యూజర్ ఎందుకు ఏడ్చాడో ఉండదు. కంపెనీ రికార్డు కూడా అంతే. ఎన్ని రూపాయలు పోయాయో ఉంటుంది. కట్టుబడులు ఎందుకు ఆయన వెనక నిలబడ్డారో వెతుక్కోవాలి.

కట్టుబడులు అంటే ఊరికి కాపలా కాసేవాళ్లు. వాళ్లకి ఇనాం భూములు ఉండేవి. అవే వాళ్ల జీతం, వాళ్ల తిండి. కంపెనీ ఆ భూముల్ని ఒక్కొక్కటిగా వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. తండ్రి చనిపోతే భూమి కొడుక్కి పోదు, సర్కారుకి పోతుంది. ఇప్పుడు అర్థమైందా? నరసింహారెడ్డికి భరణం గొడవ ఉంది. కట్టుబడులకి భూమి గొడవ ఉంది. ఈ రెండూ కలిసిన చోట తిరుగుబాటు పుట్టింది. ఒక్కడి కోపంతో అంతమంది రారు.

తర్వాత జరిగింది చాలామందికి తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తాను. జూలైలోనే గిద్దలూరు దగ్గర కెప్టెన్ నాట్ సైన్యంతో పోరు. నల్లమల అడవుల్లో నెలల తరబడి వెతుకులాట. 1846 అక్టోబర్ 6న పేరుసోముల దగ్గర జగన్నాథ కొండ మీద పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, జుర్రేరు ఒడ్డున, రెండు వేల మందికి పైగా జనం చూస్తుండగా ఉరి తీశారు. తలని కోట గోడకి వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది. ముప్పై ఏళ్లు. ఆ రోజు పుట్టిన పిల్లోడు పెరిగి, పెళ్లి చేసుకొని, పిల్లల్ని కని, ఆ పిల్లల్ని ఎత్తుకొని అదే గోడ కింద నడిచిపోయాడు. ఆ చివరి ఏళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు ఏళ్లు కూడా. కడుపులో ఏమీ లేదు, పైన చూస్తే ఆ తల.

భయపెట్టడానికి పెట్టారు. ఏమైంది? జనం పాట కట్టారు.

ఇదీ రెండో జీవిత చరిత్ర. ఇది కాగితం మీద లేదు. కోలాటంలో ఉంది, చెక్కభజనలో ఉంది, తంబుర పట్టుకొని ఊరూరు తిరిగినవాళ్ల గొంతులో ఉంది. ఇందులో తేదీలు ఉండవు. రూపాయలు అణాలు ఉండవు. కానీ తల్లి ఏమన్నది, భార్య ఏమన్నది, ఎవడు నమ్మకద్రోహం చేశాడు, గుర్రం ఏ వాగు దాటింది, ఇవన్నీ ఉంటాయి. కంపెనీ లాగ్‌లో లేనివన్నీ ఇక్కడ ఉంటాయి.

మరి పాటని నమ్మొచ్చా? పూర్తిగా నమ్మకూడదు. పాట కట్టినవాడికి హీరో పెద్దగా కనపడాలి. పాడేవాడు ఏ ఊరు పోతే ఆ ఊరివాళ్లని కథలో కలుపుతాడు, ఎందుకంటే ఆ ఊరివాళ్లే గింజలు పెట్టాలి. మరి కలెక్టర్ ఉత్తరాన్ని నమ్మొచ్చా? అదీ అంతే. ఓడిపోతే శత్రువు బలం ఎక్కువని రాయాలి, గెలిస్తే శత్రువు ఉత్త దొంగ అని రాయాలి. ఇద్దరికీ ఎవరి అవసరం వాళ్లకి ఉంది.

చరిత్రకారుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతాడు. పంచాయితీలో పెద్దమనిషి చేసే పనే. ఇద్దరూ ఒప్పుకున్న విషయం పక్కాగా ఉన్నట్టు. ఒకడు తనకి నష్టమైనా సరే ఒప్పుకున్నాడంటే అది ఇంకా పక్కా. ఉదాహరణకి జనం ఆయన వైపు ఉన్నారా లేదా? పాట ఉన్నారంటుంది, అది అనక తప్పదు. కానీ కంపెనీ కూడా అంతమంది మీద కేసులు పెట్టామని తన కాగితాల్లోనే రాసుకుంది. ఒక దొంగల ముఠా మీద వందల కేసులు పెట్టరు కదా. తనకి తెలియకుండానే కంపెనీ మన పాటకి సాక్షి సంతకం పెట్టింది.

ఈ పనిని మన రేనాడు విషయంలో భుజాన వేసుకున్నవాళ్లలో ఒకరు డాక్టర్ తంగిరాల వెంకట సుబ్బారావు గారు. ఆయన తెలుగు వీరగాథల మీద పరిశోధన చేసిన పండితుడు. "తెలుగు వీరగాథా కవిత్వము" ఆయన పరిశోధన గ్రంథం. బెంగళూరు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖలో పనిచేశారు. అంత చదువు చదివిన మనిషి పట్టించుకున్నది ఏంటి? పల్లెల్లో పాడే పాటల్ని. అప్పట్లో చాలామంది "ఇవి చదువురాని వాళ్ల పాటలు" అని తీసిపారేసేవాళ్లు. ఆయన వాటినే ఆధారాలుగా చూశారు.

నరసింహారెడ్డి గురించి ఆయన చేసిన పుస్తకం పేరు "రేనాటి సూర్యచంద్రులు". పేరులోనే ఇద్దరున్నారు చూడండి. సూర్యుడు నరసింహారెడ్డి. మరి చంద్రుడు ఎవరు? బుడ్డా వెంగళరెడ్డి. ఆయనదీ ఉయ్యాలవాడే. కరువు రోజుల్లో గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టిన మనిషి. విక్టోరియా రాణి పేరు మీద ఆయనకి బంగారు పతకం వచ్చింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఒకే ఊరు. ఒకే తెల్లదొరల పాలన. ఒకాయన తల కోట గోడకి వేలాడింది. ఇంకొకాయన మెడలో పతకం పడింది. సోషల్ మీడియాలో అయితే ఏం చేస్తాం? ఒకాయన్ని హీరో చేస్తాం, ఇంకొకాయన్ని తెల్లవాళ్ల మనిషి అని ట్రోల్ చేస్తాం. ఈ పండితుడు ఏం చేశారు? ఇద్దర్నీ ఒకే పుస్తకంలో పక్కపక్కన పెట్టారు. ఎందుకంటే జనం ఇద్దరి మీదా పాటలు పాడారు. అన్యాయాన్ని ఎదిరించినవాడినీ గుర్తుపెట్టుకున్నారు, ఆకలి తీర్చినవాడినీ గుర్తుపెట్టుకున్నారు. జనానికి లేని గొడవ మనకెందుకు? జీవిత చరిత్ర రాసేవాడికి ఇది పెద్ద పాఠం. తీర్పు చెప్పడానికి తొందరపడితే మనిషి చేజారిపోతాడు.

ఇప్పుడు అసలు పాయింట్. దీనికోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

ఆ కేసులో మొత్తం 901 మంది మీద నేరం మోపారు. 412 మంది మీద రుజువు కాలేదని వదిలేశారు. 273 మందిని పూచీకత్తు మీద వదిలారు. 112 మందికి 5 నుంచి 14 ఏళ్ల దాకా శిక్షలు వేశారు. ఈ లెక్క పుస్తకం నుంచి పుస్తకానికి, అక్కడి నుంచి వెబ్‌సైట్లకి, అక్కడి నుంచి నా పాత వీడియోకి వచ్చింది. నేనూ చదివి వినిపించాను. కానీ కూడి చూడలేదు.

ఈసారి కూడాను. 412, 273, 112. మొత్తం 797. 901లో 797 తీసేస్తే? 104.

ఈ 104 మంది ఏమయ్యారు? మనం పదే పదే చెప్పుకునే లెక్కలో వాళ్లు లేరు. నరసింహారెడ్డి ఒక్కడు. మిగతావాళ్లు? పోరులో పోయారా, దొరకలేదా, జైల్లో పోయారా? ఆ కాగితాలు తిరగేసే ఓపిక ఉన్నవాడికి ఇది ఒక మంచి పీహెచ్‌డీ. ఇన్నేళ్లు మనం ఈ అంకెల్ని చప్పట్ల కోసం వాడుకున్నాం కానీ కూడిక చెయ్యలేదు.

ఒక హీరో జీవిత చరిత్ర చదివేటప్పుడు నేను ఇప్పుడు ఇదే చూస్తాను. ఆ ఒక్కడి పక్కన ఎంతమంది నిలబడ్డారు, వాళ్లలో ఎంతమందికి పేరు మిగిలింది? బోయలు, చెంచులు, యానాదులు, కట్టుబడులు, అందరూ ఆ తిరుగుబాటులో ఉన్నారు. వడ్డె ఓబన్న పేరు మీకు తెలుసు. నరసింహారెడ్డి సైన్యాన్ని నడిపినవాడని చెప్పుకుంటారు. ఎన్నో ఏళ్లు ఆయన పాటలోనే ఉన్నాడు, పుస్తకాల్లో ఒక లైన్‌లో ఉన్నాడు. ఈ మధ్యే ప్రభుత్వం జనవరి 11న ఆయన జయంతి జరపడం మొదలైంది. అంటే 170 ఏళ్లకి పైగా పట్టింది, పక్కన నిలబడ్డవాడు ముందుకి రావడానికి. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకి నరసింహారెడ్డి పేరు పెట్టారు, సంతోషం. మరి ఆ 112 మంది పేర్లు ఏ గోడ మీదన్నా ఉన్నాయా?

ఎవరి జీవితం రాయాలి అనేది కూడా చరిత్రకారుడి నిర్ణయమే. భండారు అచ్చమాంబ గారని ఒకావిడ ఉండేవాళ్లు. కృష్ణా జిల్లా నందిగామ సైడ్ 1874లో పుట్టారు. బడికి పోలేదు. పదేళ్లకే పెళ్లి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చొని నేర్చుకున్నారు. కన్నబిడ్డల్ని పోగొట్టుకున్నారు. ఆ మనిషి 1901 ప్రాంతంలో "అబలా సచ్చరిత్ర రత్నమాల" అని పుస్తకం తెచ్చారు. చరిత్రలో ఉన్న ఆడవాళ్ల జీవితాలు, ఒక్కొక్కరివి. ఆడవాళ్లకి చరిత్ర లేదు అనేవాళ్లకి అదే ఆమె జవాబు. వాదించలేదు, వెతికి రాసి చూపించారు. 1905లో ముప్పై ఏళ్లకే పోయారు. రాజుల చరిత్రలు రాసేవాళ్లు చాలామంది ఉన్నప్పుడు ఆమె ఎవరి గురించి రాయాలని ఎంచుకున్నారో చూడండి. అదీ పని అంటే.

ఇంక నా ఇంటి విషయం ఒకటి చెప్పి ముగిస్తాను.

మా అవ్వకి నరసింహారెడ్డి పాట వచ్చు. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కలుపు తీసేటప్పుడు పాడేది. బీటెక్ చదివేటప్పుడు సెలవులకి ఇంటికొస్తే ఒకసారి ఫోన్ పెట్టి "అవ్వా, ఆ పాట పాడు" అన్నాను. మొదలుపెట్టింది. వెనక వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. మధ్యలో నాకు ఎవరో ఫోన్ చేశారు, రికార్డింగ్ ఆగిపోయింది. "మళ్లీ పాడతావా" అంటే "రేపు పాడతాలే నాయనా" అన్నది. ఆ రేపు నేను హైదరాబాద్ బస్సు ఎక్కేశాను. తర్వాత ఉద్యోగం, కరోనా, ఏవేవో. అవ్వ పోయింది.

నా దగ్గర ఉన్నది 40 సెకన్లు. అందులో ఒక చోట ఒక పేరు వస్తుంది. నరసింహారెడ్డి వెంట పోయిన ఎవరిదో పేరు. మిక్సీ సౌండ్‌లో సగమే వినపడుతుంది. సౌండ్ క్లీన్ చేసే సాఫ్ట్‌వేర్లు అన్నీ వాడాను. రాలేదు. ఆ పేరు ఆ 104 మందిలో ఒకరిదా, 112 మందిలో ఒకరిదా, లేక పాటగాడు కలిపిన పేరా? ఇంక అడగడానికి మనిషి లేదు.

అందుకే ఫ్రెండ్స్, మీ దగ్గర ఒక పని కోరుతున్నాను. మీలో ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల, సంజామల, నొస్సం, ఆళ్లగడ్డ, నంద్యాల సైడ్ వాళ్లు చాలామంది ఉన్నారు. వేరే ఊళ్లవాళ్లకి కూడా మీ ఊరి పాట మీకు ఉంటుంది. మీ ఇంట్లో అవ్వో, తాతో, పక్కింటి పెద్దాయనో ఉంటే, ఈ ఆదివారం కూర్చోండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, నాలాగా కాకుండా. మిక్సీ, టీవీ, ఫ్యాన్ ఆపండి. మొదట అడగండి, "రికార్డు చేసుకోవచ్చా" అని. తర్వాత వాళ్ల పేరు, ఊరు, వయసు, ఆ రోజు తేదీ మీ గొంతుతోనే చెప్పండి. ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో తప్పకుండా అడగండి. చరిత్రకారుడికి ఆ ఒక్క జవాబు బంగారం, ఎందుకంటే అది పాటని ఒక తరం వెనక్కి తీసుకుపోతుంది.

పాడేటప్పుడు మధ్యలో సరిచెయ్యకండి. సినిమాలో వేరేలా ఉంది అవ్వా అనకండి. తప్పులా వినపడినా అట్లాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే వీడియో క్వాలిటీ తగ్గిపోతుంది, కాబట్టి ఒరిజినల్ ఫైల్ ఫోన్‌లోనూ, ఇంకో చోటా దాచిపెట్టండి. కట్ చేసి, మ్యూజిక్ వేసి రీల్ పెట్టుకుంటే పెట్టుకోండి, తప్పు లేదు. కానీ కట్ చెయ్యనిది ఒకటి మిగలాలి.

ఇది చిన్న పనిలా ఉంటుంది. కానీ తంగిరాల వారి లాంటి పండితులు ఊళ్లు తిరిగి పాటలు పోగేసిన రోజుల్లో మన జేబులో ఉన్న ఈ పరికరం లేదు. ఇప్పుడు రికార్డు చేసేది అందరి దగ్గరా ఉంది, పాడేవాళ్లే తగ్గిపోతున్నారు. కాగితాలు ఎక్కడికీ పోవు, రికార్డుల ఆఫీసులో ఉంటాయి. పదేళ్ల తర్వాతైనా చదవచ్చు. పాట అట్లా కాదు.

ఆళ్లగడ్డ పెద్దాయన అన్నది గుర్తుందా? మనం ఏం చేస్తే అదే ఆయన ముఖం. రాయి విషయంలో అది నిజం. మనిషి జీవితం విషయంలో అది నిజం కాకుండా చూసుకోవడమే చరిత్రకారుడి పని. ఇప్పుడు ఆ పనిలో కొంచెం మన వంతు కూడా ఉంది.

నా పాత వీడియో తీసెయ్యలేదు. దాని కింద తప్పు ఏంటో రాసి పెట్టాను, చూడండి. మీకు ఇందులో కూడా తప్పు కనపడితే మొహమాటం లేకుండా చెప్పండి. పెళ్లి దాకా ఆగనక్కర్లేదు.

సరే మరి, ఉంటాను. అవ్వని అడిగానని చెప్పండి.